రెన్వార్ ‘లే బా-ఫోఁ’లో పేదరికం ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫ్రెంచ్ దర్శకుడు ఝాఁ రెన్వార్ 1936లో తీసిన ‘లే బా-ఫోఁ’ సినిమా చూశారు. పేరుకి అర్థం ‘అట్టడుగులు’ అని, పేదల బతుకు మీద వచ్చిన క్లాసిక్ అని అందరూ చెబితే చూశారు. తీరా చూస్తే హీరో ఝాఁ గాబాఁ జుట్టు చక్కగా దువ్వుకుని ఉన్నాడు, మనుషులు నవ్వుకుంటున్నారు, పేర్లేమో రష్యన్, మాటలేమో ఫ్రెంచ్. దీనికి మూలమైన నాటకాన్నే జపాన్ దర్శకుడు కురొసావా 1957లో తీస్తే ఒళ్ళు జలదరించింది గానీ ఇది చూస్తే ఏమీ అనిపించలేదు. దీన్ని ఎందుకు గొప్ప సినిమా అంటారు, మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో వేయమంటారా అని అడిగారు.

వేయండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు కలిగిన అసంతృప్తే మొదట నాకూ కలిగింది. ముప్పై ఏళ్ళ కిందట విజయవాడలో ఒక లైబ్రరీ హాల్లో 16 ఎంఎం ప్రింటు మీద చూశాను. ఇంటికి నడిచి వెళ్తూ, ఇందులో పేదరికం ఏదీ అని నాలో నేనే అనుకున్నాను. ఆ తర్వాత ఫిల్మ్ సొసైటీ పనిలో పడి ఎనిమిది తొమ్మిదిసార్లు చూసి ఉంటాను. ఒక్కసారిగా కాదు, ఒక్కో సీనూ ఒక్కో ఏడాది తెరుచుకుంటూ వచ్చింది.

ముందు మూలం సంగతి. ఇది రష్యన్ రచయిత మక్సీమ్ గోర్కీ నాటకం. 1902 డిసెంబరులో మాస్కో ఆర్ట్ థియేటర్ మొదటిసారి ఆడింది. ఆ థియేటర్ స్థాపకుల్లో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ స్వయంగా సాతిన్ అనే పేకాట మోసగాడి పాత్ర వేశారు. వేషాల కోసం, నడకల కోసం ఆ నటబృందం మాస్కోలోని ఖిత్రోవ్ బజారు సత్రాలకి వెళ్ళి, అక్కడ పడుకునే మనుషుల్ని దగ్గరగా చూసి వచ్చింది. మనవాళ్ళకి గోర్కీ అంటే క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసిన ‘అమ్మ’ గుర్తొస్తుంది. అందులో ఉద్యమం ఉంది, మేలుకునే మనుషులున్నారు. ఈ నాటకంలో మేలుకునే వాళ్ళు లేరు. ఒక నేలమాళిగ, మనిషికింత చోటు, నెలకింత అద్దె. ఆ చోట్లలో పెపెల్ అనే ఒక దొంగ (సినిమాలో గాబాఁ వేసింది ఇతన్నే), ఒక తాళాలు చేసేవాడు, అతని చావుకి దగ్గరైన భార్య, తాగుడుకి బానిసైన ఒక నటుడు, చితికిపోయిన ఒక బారన్, అంటే బిరుదున్న పెద్దింటి మనిషి.

నాటకం మొదటి అంకంలోనే ఒక చిన్న ముచ్చట ఉంది. సినిమా అర్థం కావాలంటే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇంటి యజమాని కోస్తిలేవ్ మహా భక్తుడు. తాళాలు చేసే క్లేష్చ్ దగ్గరికి వచ్చి, నెలకి రెండు రూబుళ్ళకి నువ్వు ఎంత చోటు ఆక్రమించావో చూడు, నీ మీద ఇంకో అర రూబులు వేస్తాను అంటాడు. ఆ అర రూబులుతో దేవుడి దీపంలోకి నూనె కొంటాడట, ఆ పుణ్యంలో క్లేష్చ్‌కి కూడా వాటా వస్తుందట! చుట్టూ మురికి, దగ్గుతున్న ఆడమనిషి, ఇవేవీ ఆ క్షణంలో పేదరికం కావు. అర రూబులు ఎక్కువ అడిగితే కాదనే నోరు క్లేష్చ్‌కి లేకపోవడం పేదరికం. తర్వాత భార్య చనిపోతే అతను తన పనిముట్లు అమ్మి ఖననం చేస్తాడు. పనిచేసి పైకి వస్తాను, ఇక్కణ్ణుంచి బయటపడతాను అని రోజూ అనే మనిషికి ఆ పనిముట్లే ఉన్న ఆస్తి. అవీ పోయాయి.

పేదరికాన్ని గోడల్లో చూపించవచ్చు, బట్టల్లో చూపించవచ్చు, ఆకలితో చూపించవచ్చు. రెన్వార్ దాన్ని బాకీలో చూపించాడు. ఎవరు ఎవరికి లొంగి ఉన్నారు, ఎవరి నోరు ఎవరి చేతిలో ఉంది అన్నది పట్టుకుని సినిమా చూడండి. అప్పుడు గాబాఁ జుట్టు మీకు అడ్డం రాదు.

ఒకసారి ఆ లంకెలన్నీ వరసగా చూడండి. కోస్తిలేవ్ అద్దె తీసుకుంటాడు, అది పైకి కనిపించే వ్యాపారం. లోపల పెపెల్ దొంగిలించి తెచ్చిన సొత్తు కొని అమ్ముతాడు. అంటే పెపెల్‌ని జైలుకి పంపగలిగినవాడూ వాడే, కూడు పెట్టేవాడూ వాడే. కోస్తిలేవ్ పెళ్ళాం వాసిలీసాకి పెపెల్‌తో సంబంధం ఉంది. మొగుణ్ణి వదిలించుకోవడానికి ఆమెకి పెపెల్ చెయ్యి కావాలి. పెపెల్‌కి మనసున్నది ఆమె చెల్లెలు నటాషా మీద. ఆ నటాషా అక్కా బావల ఇంట్లో జీతం లేని పనిపిల్ల. ఇక పోలీసు ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. అతను కళ్ళు మూసుకుంటేనే దొంగసొత్తు వ్యాపారం సాగుతుంది. కాబట్టి అతని నోరు నొక్కడానికి మొగుడూ పెళ్ళాం ఎంచుకున్న దారి నటాషాని అతనికి కట్టబెట్టడం. ఇంటి అద్దె, దొంగసొత్తు, పడక, పెళ్ళి, పోలీసు అన్నీ ఒకే తాడుకి వేసిన ముడులు.

ఇన్‌స్పెక్టర్ నటాషాని తోటలాంటి హోటలుకి తీసుకెళ్ళే సీను గుర్తుందా? సంగీతం వినబడుతూ ఉంటుంది, చుట్టూ సెలవు రోజు జనం. ఆ లావుపాటి మనిషి బాగా తింటూ, ఆ పిల్లకి కొసరి కొసరి వడ్డిస్తూ, తాగిస్తూ ఉంటాడు. మొదటిసారి నాకు అది సరదా సీనులా అనిపించింది. తర్వాత ఒకసారి మా సొసైటీలో వేసినప్పుడు, హాలు పక్కన మెస్ నడిపే పెద్దాయన టీ ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఆయనకి ఫ్రెంచ్ రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలూ చదవలేరు. సీను అయ్యాక నా పక్కకి వచ్చి మెల్లిగా అడిగారు: “బాబూ, ఆయన తినిపిస్తున్నాడు సరే, ఆ పిల్లని పంపించిందెవరు?” నలభై ఏళ్ళు జనానికి అన్నం పెట్టిన మనిషి, పళ్ళెం వెనక ఎవరున్నారో ముందు చూశారు. నేను అప్పటికి ఆ సినిమా మూడుసార్లు చూశాను, ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు ఆ సీను వచ్చినప్పుడల్లా నటాషా చేతిలోని గ్లాసు వైపే చూస్తాను.

ఇప్పుడు బారన్ దగ్గరికి వద్దాం. ఈ సినిమాని బారన్‌గా వేసిన లూయీ జూవే ఒక్కడే మోశాడన్నా నేను ఒప్పుకుంటాను. నాటకం మొదలయ్యేసరికే బారన్ చితికిపోయి సత్రంలో ఉంటాడు. రెన్వార్, అతనితో స్క్రీన్‌ప్లే రాసిన షార్ల్ స్పాక్ కలిసి, బారన్ ఆ సత్రానికి ఎలా వచ్చాడన్న కథ కొత్తగా అల్లారు. అందుకే సినిమా నేలమాళిగలో మొదలవదు, ఒక పెద్ద ఆఫీసులో మొదలవుతుంది. బారన్ నిటారుగా నిలబడి ఉంటాడు. పై అధికారి గొంతు మాత్రమే మనకి వినబడుతుంది. 30,000 రూబుళ్ళ ప్రభుత్వ సొమ్ము జూదంలో పోగొట్టావని నిలదీస్తుంటాడు. కెమెరా బారన్ చుట్టూ అటూ ఇటూ మెల్లిగా కదులుతుంది గానీ అతన్ని వదలదు. అధికారి తర్వాత ఎప్పటికో అద్దంలో కనిపిస్తాడు. ఇంకో దర్శకుడైతే ఇద్దరినీ మార్చి మార్చి చూపించేవాడు. రెన్వార్ ఏం చేశాడంటే, అధికారాన్ని ఒక గొంతుగా మిగిల్చి, దాని కింద నిలబడ్డ మనిషిని మాత్రం తేరిపార చూడనిచ్చాడు. యూనిఫారం, పతకాలు, పెద్ద హోదా ఉన్న ఆ మనిషి కూడా బాకీదారే. సత్రంలో క్లేష్చ్ ఎలా నిలబడతాడో ఇక్కడ బారన్ అలాగే నిలబడ్డాడు. తేడా ఏమిటంటే బారన్ మొహంలో భయం లేదు, ఏదో దూరం ఉంది, తన పతనాన్ని పక్కనుంచి చూస్తున్నట్టు.

ఆ రాత్రి అతను చావాలనే నిర్ణయంతో ఇంటికి వస్తాడు. ఇంట్లో దొంగ దూరి ఉంటాడు, అది మన పెపెల్. దొంగిలించడానికి అక్కడ మిగిలింది ఏమీ లేదు, పొద్దున్నే అప్పులవాళ్ళ తరఫు మనుషులు వచ్చి సామాను పట్టుకుపోతారు. కాబట్టి బారన్‌కి ఈ దొంగ మీద కోపం రావాల్సిన పని లేదు. ఇద్దరూ కూర్చుని తింటారు, తెల్లారేదాకా పేకాడతారు. వెళ్ళేటప్పుడు బారన్ అతనికి గుర్రాల కంచు బొమ్మ కానుకగా ఇస్తాడు. ఆ బొమ్మతో దొరికిన పెపెల్‌ని పోలీసులు పట్టుకుంటారు. ఇచ్చాడంటే ఎవరు నమ్ముతారు? బారన్ స్వయంగా వచ్చి, అవును నేనే ఇచ్చాను, ఇతను నా స్నేహితుడు అని చెబితేనే వదులుతారు. పేదవాడి చేతిలో ఉన్న మంచి వస్తువు దొంగసొత్తే అవ్వాలి, పెద్దమనిషి నోటిమాట పడితేనే అది కానుక అవుతుంది. ఇంత పెద్ద సంగతిని రెన్వార్ ఒక నవ్వు సీనులో పెట్టి దాటిపోయాడు. అందుకే చాలామందికి పేదరికం కనబడదు.

అన్నిటికంటే ముఖ్యమైన సీను గడ్డి మీద సీను. క్లబ్బులో వేసేటప్పుడు ముందే ఏమీ చెప్పకండి. బారన్, పెపెల్ నది ఒడ్డున గడ్డిలో పడుకుని మాట్లాడుకుంటారు. ఒక నత్త బారన్ చేతి మీద మెల్లగా పాకుతూ ఉంటుంది. జూవే దాన్ని విదిలించడు, చూస్తూ మాట్లాడతాడు. తన జీవితమంతా వెనక్కి తిరిగి చూస్తే బట్టలు మార్చుకోవడం తప్ప ఇంకేమీ గుర్తులేదంటాడు. ఈ మాట గోర్కీదే. నాటకం నాలుగో అంకంలో బారన్ వరసగా చెప్పుకొస్తాడు: చదువుకున్న రోజుల్లో ఒక యూనిఫారం, పెళ్ళికి ఒక కోటు, ఉద్యోగంలో ఇంకో యూనిఫారం, ప్రభుత్వ సొమ్ము తిన్నాక ఖైదీ బట్టలు. నాటకంలో ఆ మాట చీకటి గదిలో, తాగిన గుంపు మధ్య, అన్నీ ముగిసిపోయాక వస్తుంది. అక్కడ అది ఏడుపు. రెన్వార్ అదే మాటని తీసుకొచ్చి ఎండలో, నీళ్ళ పక్కన పెట్టాడు. ఇక్కడ అది మోస్తున్న మూట దించుకున్న మనిషి ఊపిరి.

అది 1936. ఫ్రాన్స్‌లో మే నెల ఎన్నికల్లో వామపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ గెలిచింది. దేశమంతా సమ్మెలు. జూన్‌లో వారానికి 40 గంటల పని, ఏడాదికి రెండు వారాల జీతంతో సెలవు చట్టాలయ్యాయి. పుట్టి బుద్ధెరిగాక జీతం కోత లేకుండా సెలవు చూడని ఫ్యాక్టరీ కార్మికులు ఆ వేసవిలో సైకిళ్ళెక్కి, రైళ్ళెక్కి నదుల దగ్గరికి, సముద్రం దగ్గరికి వెళ్ళారు. రెన్వార్ ఆ ఉద్యమంలో మనసా వాచా ఉన్నవాడు. ఆ ఏడాదే కమ్యూనిస్టు పార్టీ కోసం ఎన్నికల చిత్రం కూడా తీశాడు. ఈ సినిమా డిసెంబరులో విడుదలైంది. చూసిన ప్రేక్షకుడికి, పగటిపూట ఎవరి అనుమతీ లేకుండా గడ్డిలో వెల్లకిలా పడుకోవడం అంటే ఏమిటో నాలుగైదు నెలల కిందటే తెలిసింది. బాకీ డబ్బుదే కాదు, పొద్దుటి నుంచి రాత్రిదాకా మనిషి కాలమంతా ఇంకొకరికి బాకీ. ఆ నత్త నడక చూసినప్పుడు నాకు అదే అనిపిస్తుంది. తొందర లేదు, ఎవరూ పిలవరు.

అయితే ఇక్కడ నాకు రెన్వార్‌తో ఒక పేచీ ఉంది. దాన్ని దాచిపెట్టి మీకు సినిమాని పొగడలేను. పైనుంచి కిందికి వచ్చినవాడికి అట్టడుగు ఒక విడుదల కావచ్చు. అక్కడే పుట్టినవాడికి కాదు. బారన్ సత్రంలో సుఖంగా ఉండగలుగుతాడు, ఎందుకంటే అతనికి ఒక పూర్వజీవితం ఉంది, దాన్ని వదిలేశానన్న తృప్తి ఉంది. పెపెల్‌కి వదిలేయడానికి ఏముంది? నాటకంలో అతను నటాషాతో చెప్పే మాట నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. చిన్నప్పటి నుంచి అందరూ తనని దొంగ, దొంగ కొడుకు అనే పిలిచారు. ఇంకో పేరుతో పిలవాలని ఎవరికీ తోచకపోవడం వల్లే తను దొంగ అయ్యాడేమో, నువ్వైనా ఇంకో పేరుతో పిలువు అని అడుగుతాడు. బారన్ బట్టలు మారినట్టు పెపెల్ పేరు మారదు. రెన్వార్‌కి ఈ తేడా తెలుసనే నా నమ్మకం. ఇద్దరూ ఒకే గడ్డి మీద పడుకున్నా, ఒకడికి పైనుంచి దిగిన అలసట, ఇంకొకడికి పైకి పోవాలనే ఆత్రం. గాబాఁ ఆ సీనులో ఎక్కువసేపు వింటూనే ఉంటాడు. వినేటప్పుడు అతని కళ్ళు చూడండి. ఈ ఇద్దరి జోడీయే మరుసటి ఏడాది రెన్వార్ తీసిన ‘లా గ్రాండ్ ఇల్యూజన్’లో ఉన్నత వంశపు సైనికాధికారి, మెకానిక్‌గా బతికిన అధికారి రూపంలో మళ్ళీ కనిపిస్తుంది. దానికీ రచయిత స్పాకే, అక్కడా గాబాఁయే.

రష్యన్ పేర్లు, ఫ్రెంచ్ మాటల సంగతి. అది నిర్లక్ష్యం కాదు. ఈ సినిమా తీసింది ఆల్బత్రోస్ సంస్థ. విప్లవం తర్వాత రష్యా వదిలి పారిస్ చేరిన సినిమావాళ్ళు కట్టుకున్న సంస్థ అది, నిర్మాత అలెగ్జాండర్ కామెంకా కూడా వాళ్ళలో ఒకడు. రెన్వార్, స్పాక్ తిరగరాయకముందు మొదటి స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకరు రష్యన్ రచయిత యెవ్గేనీ జమ్యాతిన్. సొంత దేశంలో ఆయన్ని రాయనివ్వకపోతే, గోర్కీ మాటసాయంతో 1931లో స్తాలిన్ అనుమతి దొరికి బయటికి వచ్చాడు. పారిస్‌లో పేదరికంలోనే బతికాడు. తనని బయటపడేసిన మనిషి నాటకానికి ఆయన స్క్రీన్‌ప్లే రాయడం, 1936 జూన్‌లో, సినిమా విడుదలకి ముందే గోర్కీ పోవడం, 1937 మార్చిలో జమ్యాతిన్ కూడా పోవడం తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. రెన్వార్ మాత్రం రష్యాని నకలు చేయనని తేల్చుకున్నాడు. గుబురు గడ్డాలు, సమోవార్లు (రష్యన్ టీ పాత్రలు) పెట్టి పారిస్ స్టూడియోలో మాస్కో కట్టడం కంటే, పేర్లు అలాగే ఉంచి మనుషుల్ని తనకి తెలిసిన ఫ్రెంచ్ మనుషుల్లా నడిపించాడు. మన దగ్గర శరత్ నవలల్ని సినిమాలుగా తీసినప్పుడు బెంగాలీ పేర్లు ఉంచి తెలుగు మనుషుల్ని నడిపించలేదూ? పార్వతీ దేవదాసూ మనవాళ్ళు కారని ఎవరైనా అన్నారా?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నటాషాగా వేసిన జూనీ ఆస్తోర్ జూవే, గాబాఁల పక్కన తేలిపోయింది. అందరి నటనా ఒకే బడిలోది కాదు. నటుడి పాత్రలో లె విగాఁ రంగస్థలం ఎక్కినట్టు ఉంటాడు, కోస్తిలేవ్‌గా సోకొలోఫ్ ఇంకో దేశపు నాటకంలోంచి వచ్చినట్టు ఉంటాడు. లూకా అనే ముసలి యాత్రికుడు గోర్కీ నాటకానికి ఆయువుపట్టు. చచ్చేవాడికి ఓదార్పుగా అబద్ధం చెప్పడం దయా, మోసమా అన్న చర్చంతా అతని చుట్టూ తిరుగుతుంది. సినిమాలో అతను చిన్నబోయాడు. రెన్వార్‌కి ఆ చర్చ మీద ఆసక్తి లేదు, స్నేహం మీద ఉంది.

కురొసావా సినిమా మీకు ఒళ్ళు జలదరించేలా చేసింది కదా, అది సరైన స్పందనే. ఆయన నాటకాన్ని దాదాపు యథాతథంగా తీసుకుని ఎడో యుగపు, అంటే సమురాయిల నాటి జపాన్‌లో పెట్టాడు. మొదటి షాట్‌లోనే పైన ఉన్నవాళ్ళు కింద మనుషులుంటారన్న ధ్యాస లేకుండా చెత్త దొర్లించిపోతారు. అక్కడ గొయ్యి నుంచి ఎవరూ బయటపడరు, కెమెరా కూడా బయటపడదు. చివర నటుడి చావు కబురు, పాట పాడుచేశాడన్న విసుగు, ఒక్క చప్పుడు, తెర పడినట్టే. రెన్వార్ నటుడి చావు చూపించాడు గానీ అక్కడ ఆగలేదు. పెపెల్‌నీ నటాషానీ రోడ్డెక్కించాడు. ఆ ఏడాదే వచ్చిన చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ ముగింపు గుర్తుకు రాక మానదు. ఈ ముగింపు మరీ సులువుగా వచ్చిందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను, ఇప్పటికీ కొంత అనుకుంటాను. కానీ ఇద్దరూ నడిచేది ధనం వైపు కాదు. వాళ్ళ చేతిలో ఏమీ లేదు, నెత్తిన బాకీ కూడా లేదు. అంతమాత్రానికే వాళ్ళ నడక తేలికపడింది. 1936 ప్రేక్షకుడికి ఆ మాత్రం ఇవ్వాలని రెన్వార్‌కి అనిపించి ఉంటుంది.

ఈ నాటకం మన దేశానికీ వచ్చింది. హిందీ దర్శకుడు చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ దీని ప్రేరణతో తీసినదే. 1946లో ఫ్రాన్స్‌లో జరిగిన మొదటి కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి (అగ్ర బహుమతి) పంచుకున్న పదకొండు చిత్రాల్లో అదొకటి. అందులో గుట్ట మీద ఉండే ఆసామి తన లాభం కోసం మురుగు కాలవని కింద పేదల బస్తీలోకి మళ్ళిస్తాడు. నీళ్ళు చెడతాయి, జబ్బులు వస్తాయి. అక్కడ పేదరికం నీళ్ళలో కనిపిస్తుంది. మూడు దేశాల్లో ముగ్గురు ఒకే నాటకాన్ని మూడు చోట్ల తవ్వారు. ఒకరికి గొయ్యి, ఒకరికి మురుగు, ఒకరికి బాకీ.

ఇంకొక్క సీను గురించి చెప్పి మీ క్లబ్బు విషయానికి వస్తాను. కోస్తిలేవ్ చచ్చే సీను. నటాషాని అక్కా బావా కొడుతుంటే పెపెల్ దూకుతాడు, పెరట్లో జనమంతా ముసురుకుంటారు, ఆ తోపులాటలో ముసలాడు చస్తాడు. వాసిలీసా వెంటనే పెపెల్ వైపు వేలు చూపిస్తుంది. నాటకంలో ఇక్కడ సాతిన్ ఒక మాట అంటాడు: నేను కూడా ముసలాణ్ణి మూడు దెబ్బలు వేశాను, నన్ను సాక్షిగా పిలవండి అని. రెన్వార్ ఆ మాటనే మొత్తం పెరటికి పరిచాడు. చెయ్యి పెపెల్‌దే కావచ్చు, కోపం మాత్రం ఆ ఇంట్లో అద్దె కట్టిన ప్రతివాడిదీ. అదే ఏడాది మొదట్లో వచ్చిన అతని ‘మస్యో లాంజ్ నేరం’లో కూడా ఒక యజమానిని చంపినవాణ్ణి మామూలు జనం కూర్చుని విచారించి సరిహద్దు దాటనిస్తారు. రెండూ పక్కపక్కన చూస్తే రెన్వార్ ఆ రోజుల్లో ఏ ప్రశ్నతో నిద్రపోయేవాడో తెలుస్తుంది. ఫ్రెంచ్ సినిమాలకి అప్పుడే కొత్తగా పెట్టిన లూయీ దెలుక్ బహుమతి మొట్టమొదట ఈ ‘లే బా-ఫోఁ’కే దక్కింది.

ఇక మీ క్లబ్బులో వేయడం గురించి. రెండు సినిమాలూ ఒకేరోజు వేయకండి, నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. కురొసావాది రెండు గంటలు దాటుతుంది, దాని బరువు కింద రెన్వార్ నలిగిపోతాడు. రెన్వార్‌ది గంటన్నరే, దాన్ని ముందు వారం వేయండి. రెండూ కలిపి, క్లాసిక్ సినిమాల డీవీడీలు వేసే క్రైటీరియన్ వాళ్ళు ఒకే సెట్టుగా డీవీడీలు తెచ్చారు, అది దొరికితే మంచిది. వేసే ముందు ఉపన్యాసం వద్దు. నాటకం మొదటి అంకంలో కోస్తిలేవ్, క్లేష్చ్ మాట్లాడుకునే రెండు పేజీలు ఎవరైనా ఇద్దరు పిల్లల చేత తెలుగులో చదివించండి, దీపం నూనె దాకా చాలు. ఆ తర్వాత లైట్లు ఆపి ఆ ఆఫీసు సీను మొదలుపెట్టండి. సినిమా అయ్యాక చర్చలో “మీకెలా అనిపించింది” అని అడిగితే ఎవరూ నోరు విప్పరు, టెన్షన్ పడతారు. బోర్డు మీద పాత్రల పేర్లు రాసి, ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో గీతలు గీయమనండి. మా దగ్గర చేసినప్పుడు అరగంటలో బోర్డు నిండిపోయింది. చివరికి గీతలేవీ లేకుండా ఒక జత మిగిలింది, బారన్, పెపెల్. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, కంచు గుర్రాలు ఇచ్చాడు కదండీ, అది బాకీ కాదా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద ఇంకో గంట కూర్చున్నాం.